ఆర్థికమాంద్యమును స్త్రీధనమును

"ధరలు తగ్గినచో సామాన్యులకు సుఖమే గదా!" అను మాట విద్యావంతుల నోటనే తఱచుగా వినవచ్చుచుండును. 1929వ సంవత్సరాంతమున మొదలై కొన్నియేండ్లపాటు లోకమునంతను క్రుంగదీసిన ఆర్థికమాంద్యమును గూర్చి మన కుటుంబములలో చెప్పుకొను కథలయందు సైతము అది చవుకకాలమనియే పేరుపొందినది. రూపాయికెన్ని కుంచముల బియ్యము వచ్చెడివో, అణాకెంత కూర వచ్చెడిదో చెప్పి పిల్లలను ఆశ్చర్యపఱచుట పెద్దల కొక వేడుక. ఆ చవుకకాలమున ఇంటిలోనివారు ఏమి పోగొట్టుకొనిరో చెప్పువారు మాత్రము అరుదు.

మేమును ఈ మాటను చాలకాలము నమ్మినవారమే. మా యింటి అటకమీదినుండి దింపిన యొక పాత చిట్టాపుస్తకము ఆ నమ్మకమును కదల్చివైచినది. మా ముత్తాత డెల్టాలో నడితరపు రైతు. ఆయన అక్షరములు గుండ్రనివి, లెక్కలు తప్పులేనివి. ఆంగీరస సంవత్సర మాఘమాసపు పుటలో, అనగా 1933వ సంవత్సరారంభమున, ఇట్లు వ్రాయబడియున్నది: పది తులముల కాసులపేరు అమ్మగా జమ 290 రూపాయలు. దాని క్రిందనే ఖర్చులు: కిస్తు 112; నోటు తాలూకు వడ్డీ 165; ఉప్పు, కిరసనాయిలు, రెండు చీరలు కలిపి 13. పుట యడుగున నిలువ సున్న. ఆ ప్రక్కనే, అదే చేతివ్రాతతో, గాదెలో వడ్లు నలువది బస్తాలు అని కలదు.

ఈ పుటను మేము పలుమాఱులు చదివితిమి. తిండిగింజలు లేక నగ నమ్ముకొనిన సంసారము కాదిది. గాదె నిండియున్నది, మెడ బోసిపోయినది. ఇది యెట్లు సంభవించినదో తెలిసినగాని చవుకకాలమను మాటలోని పొరపాటు తెలియదు.

కఱవునకును మాంద్యమునకును గల భేదమును ముందుగా గుర్తింపవలెను. కఱవునందు వస్తువు లేదు. చేతిలో ధనమున్నను దొరకదు. మాంద్యమునందు వస్తువున్నది, ధనము చేతబట్టుకొని వచ్చువాడు లేడు. 1929 అక్టోబరులో న్యూయార్కు నగరమున వాటాల బజారు కూలిపోయినది. పంటల ధరలు అంతకుముందే జాఱుచుండెను. ఆ తరువాత పట్టుదప్పి పడిపోయెను. చెన్నరాజధానిలో వడ్లధర 1929కిని 1933కును నడుమ సుమారు సగమునకు దిగినది. బర్మాలోను బియ్యపు ధర పడిపోవుటచే ఆ బియ్యము ఓడలమీద చెన్నపట్టణమునకు వచ్చి ఇక్కడి వడ్లను మఱింత క్రిందికి త్రొక్కినది.

దిగినది పంటధర. దానితోపాటు దిగవలసినవి దిగలేదు. శిస్తు రూపాయలలో కట్టవలసినది. ధర సగమైనదని శిస్తు సగము కాలేదు. అప్పు రూపాయలలో తీసికొన్నది. వడ్డీ రూపాయలలో చెల్లింపవలసినది. వడ్లధర అడుగంటినదని ప్రోనోటుమీది అంకె మాఱదు. ఉప్పు, బట్ట, కిరసనాయిలు మున్నగువాని ధరలు కొంత తగ్గినను వడ్లధర తగ్గినంతగా తగ్గలేదు. ఇరువది బస్తాలమ్మి కిస్తు కట్టిన రైతు అదే కిస్తునకు నలువది బస్తాలు అమ్మవలసివచ్చెను. మా ముత్తాతగారి గాదెలోని నలువది బస్తాలు ఏలయట్లు నిలిచియుండెనో ఇప్పుడు మాకు బోధపడినది. వానిని ఆ ధరకు అమ్మినచో వచ్చు సంవత్సరము తిండియు, విత్తనమును, పాలేరులకు కొలువవలసిన గింజలును ఉండవు; ఉంచుకొన్నచో కిస్తుగడువు ఆగదు. ఈ రెంటి నడుమ ఇంటిలో మిగిలిన యొకేయొక వస్తువు మా ముత్తవ మెడలోనిది.

ఒక్క యింటి సంగతి కాదిది. రాష్ట్రీయ బ్యాంకింగు విచారణసంఘము 1930లో చెన్నరాజధాని గ్రామీణుల ఋణమును సుమారు 150 కోట్ల రూపాయలని అంచనా వేసినది. 1935లో సత్యనాథన్ గారు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో అది సుమారు 200 కోట్లు. ఈ పెరుగుదలయే చాల పెద్దది. కాని రూపాయల లెక్క సగము కథనే చెప్పును. అప్పును వడ్లతో కొలిచి చూడుడు. ధర సగమైనప్పుడు, ఒక్క రూపాయియైనను క్రొత్తగా అప్పుచేయని రైతు సైతము, తాను నిద్రించి లేచునప్పటికి రెండింతల ఋణస్థుడగుచున్నాడు. అతడేమి దుబారా చేసెను? ఏ తప్పు చేసెను?

ఇక బంగారము మాటకు వత్తము. 1927 నాటి నాణెపు చట్టము రూపాయి మారకపు విలువను పదునెనిమిది పెన్నీలుగా నిర్ణయించి, మేలిమి బంగారము తులము 21 రూపాయల 3 అణాల 10 పైసల చొప్పున ప్రభుత్వము కొనునని శాసించినది. 1931 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండు బంగారుప్రమాణమును విడిచిపెట్టెను. రూపాయిని మాత్రము ఇంగ్లీషు పౌనుతో ముడివేసి యుంచిరి. పౌను దిగినకొలది రూపాయలలో బంగారపు ధర పెరిగి, తులము ముప్పది రూపాయలను దాటినది. శతాబ్దులుగా బంగారమును దిగుమతి చేసికొనిన దేశము ఎగుమతి చేయుటకు మొదలిడెను. ఊరి కంసాలివద్ద కరిగిన నాను, కంటె, వడ్డాణము కడ్డీలై, బొంబాయి చేరి, ఓడ యెక్కి లండనునకు పోయెను.

అప్పుడు గొప్ప వాదము చెలరేగినది. ప్రజలు తక్కువధరకు కొన్నదానిని ఎక్కువధరకు అమ్మి లాభపడుచున్నారని ప్రభుత్వపక్షమువారనిరి. ఇది లాభము కాదు, ఆపత్కాలపు అమ్మకమని జాతీయపక్షమువారనిరి. రెండవ మాటయే నిజమని మా యభిప్రాయము. తులము ఇరువదియొక్క రూపాయలున్నప్పటి వడ్లధరయు, ముప్పది దాటినప్పటి వడ్లధరయు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, అమ్మిన నగను మరల చేయించుకొనవలెనన్న రైతుకుటుంబము మునుపటికంటె దాదాపు మూడింతల వడ్లు కొలువవలసియుండును. తిరిగి కొనలేనిదానిని అమ్ముకొనుట లాభమెట్లగును?

అయినను ఆ వాదమునందు ఇరుపక్షములవారియందును ఒక లోపము మాకు కానవచ్చుచున్నది. తులములు లెక్కించిరి, కోట్లు లెక్కించిరి, దేశపు బంగారము పోవుచున్నదనిరి, పోనిమ్మనిరి. ఆ బంగారమెవరిదని అడిగినవారు అరుదు. దేశమునకు మెడ లేదు. కాసులపేరు దేశము ధరించినది కాదు. ఒక స్త్రీ ధరించినది. ఆ దినములలో కూతునకు తండ్రి భూమిలో పాలులేదు. కోడలికి మామగారి భూమిలో పాలులేదు. పుట్టింటివారు పెట్టిన నగయు, కొందఱికి పసుపుకుంకుమల క్రింద వచ్చిన చెక్కయు తప్ప తనదని చెప్పుకొనదగినది వేఱొకటి లేదు. మాంద్యము వచ్చి, తనదైన ఆ యొక్కదానిని తనది కాని అప్పునకు చెల్లువేసికొనిపోయెను.

ఇచ్చట పూర్వాచారపరులు స్మృతివచనమును చూపుదురు. దుర్భిక్షమునందును, ధర్మకార్యమునకును, వ్యాధియందును, నిర్బంధమునందును భర్త తీసికొనిన స్త్రీధనమును మరల ఈయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. మన ప్రాంతమున ప్రమాణముగా నంగీకరింపబడిన మితాక్షర దానిని వ్యాఖ్యానించినది. మంచిది, ఆ వచనమునే పరీక్షింతము. నాలుగు సందర్భములను పేర్కొనుటలోనే ఆ నాలుగును తప్ప తక్కినప్పుడు తీసికొనినది ఋణమే యను భావము కలదు. ఆ మినహాయింపు సయితము భర్తకే గాని మామకు, బావకు, మఱదికి లేదు. 1933లో మా యింట వ్యాధి లేదు. కిస్తు ధర్మకార్యము కాదు. దుర్భిక్షమందమా, గాదెలో నలువది బస్తాలున్నవి. ఇక మిగిలినది నిర్బంధము. జప్తుకు వచ్చు బంట్రోతును, దావా వేయు షాహుకారును నిర్బంధమే యని మేమొప్పుకొందుము. కాని ఆ నిర్బంధము ఇంటివారందఱిమీదను పడినప్పుడు దానిని విడిపించిన మూల్యము ఒక్కరి మెడనుండి మాత్రమే యేల దిగవలెను? ఎద్దులు యజమానివి, నిలిచినవి. పొలము యజమానిది, నిలిచినది. కాసులపేరు ఆమెది, పోయినది. ఆపద తీఱినపిమ్మట ఆ పొలమునందు ఆమెకొక సెంటైనను వ్రాయలేదు.

చిట్టాపుస్తకమును తుదివఱకు త్రిప్పిచూచితిమి. షాహుకారునకు చెల్లించిన ప్రతి యణాయు అందు కలదు. చాకలికి బాకీ, కంసాలికి బాకీ, పాలేరునకు రెండు కుంచముల బాకీ, అన్నియు తేదీలతో కలవు. ముత్తవకు బాకీ అను మాట ఏ పుటలోను లేదు. ఆయన మోసగాడు కాడు. రెండు కుంచములను మఱవని మనిషి. ఆమెకు బాకీపడవచ్చునను తలంపే ఆయనకు కలుగలేదు. మా విమర్శ యంతయు ఈ తలంపు లేమిమీదనే.

ఆమె సంతోషముగా తీసియిచ్చియుండును గదా, సంసారమున నీది నాది యను లెక్కలేల యని కొందఱందురు. సంతోషముగానే ఇచ్చియుండవచ్చును. షాహుకారుకూడ నోటు వ్రాయునాడు సంతోషముగానే యిచ్చెను, అయినను వ్రాసికొనిరి. ఇచ్చుటలో ప్రేమయున్నచో వ్రాయుటలో ప్రేమ చెడదు. వ్రాయని చోటనే ఇచ్చినవారికి అడుగుటకు నోరు రాదు, పుచ్చుకొన్నవారికి జ్ఞాపకముండదు.

సంస్కారపక్షమువారమగు మనయందును ఒక తప్పు కలదు. రైతుల ఋణమునకు కారణము పెండ్లిండ్ల దుబారా, కోర్టువ్యాజ్యెములు, త్రాగుడు అని మన పత్రికలు ఏండ్లతరబడి బోధించినవి. ఆ బోధ అసత్యము కాదు. అయిదుదినముల పెండ్లికి అప్పుచేసినవారిని మేము సమర్థింపబోము. కాని అప్పునకు విత్తనము దుబారాయైనను, 1930 తరువాత దానిని రెండింతలు చేసినది దుబారా కాదు, ధర. ఆ భేదమును గ్రహింపక, ఆదాయము సగమైన యింటికి పోయి పొదుపును బోధించుట ఆకలిగొన్నవానికి మితాహారమును బోధించుటవంటిది. ఆ బోధకులలో పెక్కుమంది జీతగాండ్రు. 1931 చివర ప్రభుత్వోద్యోగుల జీతములలో నూటికి పది వంతున కోత పడినమాట నిజమే. ధరలు అంతకు మించి దిగినవి గనుక, ఉద్యోగము నిలిచినవారికి కోతపోగా మిగిలిన జీతముతోనే మునుపటికంటె ఎక్కువ బియ్యము వచ్చినది. చవుకకాలమను పేరు పెట్టినవారు వీరే యని మా యనుమానము. నిలుకడగల జీతము అపురూపమైనకొలది ఆ జీతముగల వరుని వెలయు పెరుగుట సహజము. పంటధర దిగిన కాలముననే కట్నము దిగకపోవుటయు మాంద్యపు ఫలమే. పొదుపును బోధించినవారిలో దానిని పుచ్చుకొననివారు ఎందఱో లెక్కించుకొనవలెను.

చిట్టాకెక్కని నష్టములు మఱికొన్ని కలవు. నెయ్యి కాచిన యిల్లు నేతిని పట్టణమునకు పంపి, మజ్జిగతో సరిపెట్టుకొనును, తరువాత పాలే అమ్మును, మజ్జిగయు నుండదు. దీపము చీకటిపడగనే వెలిగింపబడదు. బడికి పోవు పిల్లలలో మొదట ఆడుపిల్ల మానును. ఆమె మానినదని ఏ నివేదికలోను చేరదు, ఏలయన ఆమె యింటిపనిలో నిమగ్నయైనదనియే అందఱును తలంతురు. వడ్డించు చేయి తనకు వడ్డించుకొనునప్పటికి గిన్నెలో ఏమి మిగిలినదో ఆ చేతికే తెలియును. ధరల పట్టికలు బజారును కొలుచును. వంటింటిలో వంతులు మాఱిన క్రమమును అవి కొలువలేవు.

నగలే లేనివారి మాట యేమి? కూలివారి స్థితిని చెప్పక ఈ విమర్శను ముగించుట న్యాయము కాదు. కూలిని గింజలలో పుచ్చుకొనువారికి వడ్లధర దిగినందున నష్టము లేదని పైపైన తోచును. కాని ఆ గింజలలో కొన్నింటిని అమ్మియే ఉప్పును గుడ్డయు కొనవలెను; అప్పుడు ధరపాటు వారినీ తాకును. రైతు చేతిలో రూపాయి లేనప్పుడు కలుపుతీతకు పదిమందిని పిలువవలసినచోట అయిదుగురిని పిలుచును. తక్కిన పని తన యింటి ఆడువారిచే చేయించును. ఇట్లొకరి యింట జీతములేని పని పెరుగుటయు, మఱొకరి యింట కూలిదినములు తగ్గుటయు ఒక్కసారే జరుగును. కూలివాని యింటిలో తాకట్టునకు పోవునది మొదట ఇత్తడిచెంబు, తరువాత మేక, తుదకు కొడుకు పాలేరుతనము.

సముద్రము దాటి పోయినవారికిని తప్పలేదు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది తెలుగువారు ఓడలెక్కి రంగూనుకు పోయి, రేవులో మూటలు మోసి, ఇంటికి డబ్బు పంపుచుండిరి. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు వీరిని కోరంగీలని పిలిచెడివారు. 1930 మే నెలలో ఆ రేవుకూలీలు కూలిపెంపునకై సమ్మె కట్టిరి. వారి స్థానమున బర్మా కూలీలను పనిలో పెట్టిరి. సమ్మె తీఱి తెలుగువారు తిరిగి రాగానే ఆ బర్మా కూలీలను పొమ్మనిరి. ఇరుతెగల బీదలును రేవుమీద ఒకరినొకరు కొట్టుకొనిరి. దొమ్మీ నగరమంతట వ్యాపించి, పెక్కుమంది తెలుగువారు ప్రాణములు కోల్పోయిరి. పని తక్కువై చేతులు ఎక్కువైనప్పుడు, పని నిచ్చువాని కంటె ప్రక్కవాడే శత్రువుగా కానవచ్చును. మాంద్యము చేయు హానులలో ఇది మిక్కిలి క్రూరమైనది. రంగూనునుండి మనియార్డరు రాని నెలలలో ఇక్కడి పల్లెలలోని తల్లులును భార్యలును ఎట్లు గడపిరో ఏ చిట్టాలోను లేదు; చిట్టా వ్రాయుటకు ఆ యిండ్లలో అక్షరమే లేదు.

ఋణభారము రైతును మేల్కొల్పినమాటయు చెప్పవలెను. 1937-38లో ఇచ్ఛాపురమునుండి చెన్నపట్టణమువఱకు రైతులు కాలినడకను యాత్ర సాగించిరి. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసినది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీ నాటికి నిలిచియున్న వడ్డీని ఆ చట్టము కొట్టివేసినది. అసలునకు రెండింతలు అప్పటికే చెల్లించియున్నచో అప్పే తీఱినట్లు శాసించినది. మాఱని భారమును మార్చినగాని మాంద్యమునకు చికిత్స లేదను సత్యమును ప్రభుత్వము ఒప్పుకొనుట గొప్ప మేలు. అది మఱియొక సూక్ష్మమైన సంగతినికూడ గుర్తించినది. వేఱాస్తి లేని స్త్రీలకు రావలసిన కొన్ని స్వల్పమైన అప్పులను ఆ తగ్గింపునుండి మినహాయించినది. అనగా నోటు వ్రాయించుకొని అప్పిచ్చిన వితంతువును చట్టము ఋణదాతగా చూచి రక్షించినది. అదే యూరిలో, అదే సంవత్సరమున, మెడలోని కాసులపేరును తీసి భర్తచేతికిచ్చిన స్త్రీని మాత్రము చూడలేకపోయినది. ఏలయన ఆమెవద్ద కాగితము లేదు.

ఇదంతయు గడచిన కథ యని చదువరులు తలపవచ్చును. 1956 నాటి చట్టము హిందూస్త్రీకి ఆస్తిపై సంపూర్ణ స్వామ్యమునిచ్చెను. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెమునందు సుప్రీంకోర్టు స్త్రీధనము స్త్రీదే, భర్త దానిని కాపాడువాడు మాత్రమే యని తీర్పు చెప్పెను. 1986 నాటి సవరణచట్టముచే ఆంధ్రప్రదేశమున కుమార్తెకు పిత్రార్జితములో సమానమైన పాలు లభించెను. 2005లో అది దేశమంతటికిని వర్తించెను. చట్టములు మాఱినవి. ఆపద వచ్చినప్పటి ఇంటి అలవాటు మాఱినదా?

2010వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణముల ఉపద్రవమును ఎఱుగనివారు లేరు. అప్పులు స్త్రీల పేర వ్రాయబడినవి. వాయిదా వారము వారము చెల్లింపవలసినది. వాన కురిసినను కురియకపోయినను, కూలి దొరకినను దొరకకపోయినను వారము మాత్రము తప్పక వచ్చును. వాయిదా తప్పినవారిని గుంపుముందర నిలబెట్టిరి, ఆత్మహత్యలు జరిగినవి. ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. నోటు స్త్రీపేర నున్నప్పుడు అందఱును చక్కగా వ్రాసికొనిరని గమనింపుడు. ఆమె ఇయ్యవలసినది కాగితముమీద నుండును. ఆమెకు రావలసినది గాలిలో నుండును.

2020 మార్చిలో అంటువ్యాధి కారణమున దేశమంతయు మూసివేయబడెను. ఏప్రిలు మొదలు జూను వఱకు గల మూడునెలలలో దేశపు ఉత్పత్తి అంతకుముందటి యేటి అవే నెలలతో పోల్చినచో నాలుగవవంతునకు కొంచెము తక్కువగా తగ్గిపోయినది. ఈ మాఱు కూరగాయల ధర దిగలేదు, ఆదాయమే ఆగినది. అయినను లోపలి యంత్రము 1930 నాటిదే: రాక ఆగినది, వాయిదా ఆగలేదు. రిజర్వుబ్యాంకు ఆగస్టు చివరివఱకు వాయిదాలకు విరామమును అనుమతించినది. ఆ విరామకాలమున వడ్డీ మాత్రము పెరుగుచునే యుండెను. వడ్డీమీద వడ్డీ పుచ్చుకొనరాదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పినది గాని, వడ్డీనే పూర్తిగా తీసివేయుటకు అంగీకరింపలేదు. 2020 ఆగస్టులోనే బ్యాంకులు నగలమీద ఇచ్చు అప్పుల పరిమితిని విలువలో నూటికి 75 వంతులనుండి 90 వంతులకు పెంచుటకు, 2021 మార్చి చివరివఱకు, అనుమతి లభించినది. కష్టములోనున్న కుటుంబములకు సహాయమనియే దీనిని చేసిరి. సహాయము కాలేదనియు మేమనము. కాని 1931లో తెఱచిన ద్వారమే 2020లోను తెఱువబడినది. మాంద్యము వచ్చినప్పుడు సంసారమునకు చూపు మార్గము స్త్రీ మెడమీదుగానే పోవుచున్నది.

ఇతరులను విమర్శించి మమ్ము దాచుకొనుట తగదు. ఆ సంవత్సరము మా యింటినుండియు గాజులు నాలుగు తాకట్టునకు పోయినవి. ఇంటి అప్పు వాయిదాయు, పిల్లవాని చదువు రుసుమును కట్టితిమి. ఆ యింటి పత్రము మా పేర నున్నది. గాజులు మా భార్యవి. అవి విడిపింపబడలేదు, గడువు దాటి వేలమునకు పోయినవి. ఆమె ఒక్క మాటయు అనలేదు. మేమును ఒక్క మాటయు వ్రాయలేదు. ముత్తాతగారి పుటను చూచినపుడుగాని మేము వ్రాయని పంక్తి మాకు కానరాలేదు. తొంబది యేండ్లనాటి ఆయనకు చట్టము తెలియదనవచ్చును. మాకు చట్టము తెలియును, స్త్రీల హక్కులను గూర్చి వ్యాసములు వ్రాసితిమి, సభలలో మాటలాడితిమి. కావున మా తప్పు ఆయన తప్పుకంటె పెద్దది.

దీనికి మేము సూచించు ఉపాయము కష్టమైనది కాదు. బంగారము ఆపదకుండవలెనను మాటను మేము కాదనుట లేదు. ఆపద అందఱిదైనప్పుడు భారమును అందఱిది కావలెననుచున్నాము. ఇంటి స్త్రీవద్దనుండి నగను తీసికొనునాడు తూకమును, తేదీని, ఎందులకు తీసికొంటిమో, ఎప్పటికి ఇత్తుమో వ్రాసి, ఆ కాగితమును ఆమెచేతికియ్యవలెను. రూపాయలలో గాక తులములలోనే వ్రాయవలెను; ఏలయన 290 రూపాయలు తిరిగియిచ్చి పది తులములు తీర్చితిమనుకొనుట మఱియొక అన్యాయము. తిరిగి ఈయలేని స్థితియందు, ఆ నగచే నిలిచిన యింటిలోనో పొలములోనో ఆమె పేరు చేర్పవలెను. ఖర్చు తగ్గింపవలసివచ్చినప్పుడు ఎవరి చదువు, ఎవరి పాలు, ఎవరి మందు ముందుగా ఆగుచున్నదో కుటుంబమంతయు కూర్చుండి చూచుకొనవలెను. ప్రభుత్వమును అడుగవలసినది ఇంకొకటి కలదు: ఆదాయము పడిపోయిన యేడు శిస్తు, వడ్డీ, వాయిదా ఆ ఆదాయముతోకూడ తగ్గునట్టి యేర్పాటు ముందుగానే యుండవలెను. ఉపద్రవము ముగిసిన అయిదేండ్లకు వచ్చు చట్టము, 1938 నాటి చట్టమువలె ఎంత మేలైనను, అప్పటికే కరిగిన నగను మరల చేయలేదు.

మేము మా యింటి లెక్కపుస్తకములో గత మాసమున ఒక పంక్తి చేర్చితిమి: గాజులు నాలుగు, ఆఱు తులములు, బాకీ. దానిని చూచి మా యింటివారు నవ్వి, "ఇన్నాళ్లకు తూకమైనను జ్ఞాపకమున్నది, అంతే చాలునండి" అనిరి. చాలదు. ముత్తవ బాకీ తీర్చుటకు ఇక వీలులేదు. ఈ బాకీ తీర్చుటకు ఇంకను వ్యవధి కలదు. చదువరులును తమ యిండ్ల లెక్కలను ఒక్కసారి తెఱచి, అందు లేని పంక్తి యేదో చూచుకొందురు గాక.